సగటు చెప్పేది సగమే

మా మేనకోడలు పర్లాకిమిడిలో ఒడియా మీడియంలో తొమ్మిదో తరగతి చదువుతోంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మొన్నామధ్య యూనిట్ టెస్టు పేపరు పట్టుకుని మా ఇంటికొచ్చింది. పదకొండు అంకెలిచ్చి వాటి 'మధ్యమా' కనుక్కోమన్నారు. ఈ పిల్ల అన్నీ కూడి, 11తో భాగించి, రెండు దశాంశ స్థానాల దాకా చక్కగా చేసింది. దాని మీద ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత, పక్కన సున్నా. "కూడికలో తప్పేటుంది మావయ్యా, నువ్వే సూడు" అంది. నిజంగానే కూడికలో తప్పు లేదు. భాగహారంలోనూ లేదు. తప్పు మాట దగ్గర జరిగింది.

మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో అంకెలన్నీ కూడి, ఎన్ని ఉన్నాయో దానితో భాగిస్తే వచ్చేది అంకమధ్యమం, అంటే సగటు. చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చితే నడిమధ్యన నిలిచేది మధ్యగతం. ఎక్కువసార్లు కనిపించేది బాహుళకం. ఒడియా పుస్తకాల్లో ఈ మూడూ వరసగా మాధ్యమాన, మధ్యమా, గరిష్ఠక. అంటే మన 'మధ్యమం' సగటు, వాళ్ళ 'మధ్యమా' మధ్యగతం. ఇక 'గరిష్ఠక' తెలుగు చెవికి 'గరిష్ఠం' లాగే వినిపిస్తుంది. దాంతో పిల్లలు ఎక్కువసార్లు వచ్చిన అంకెను వదిలేసి అన్నిటికంటే పెద్ద అంకె రాసేస్తారు. అటు మహారాష్ట్ర సరిహద్దులో, సిరొంచలోనో దెగ్లూరులోనో మరాఠీ మీడియంలో చదివే మన పిల్లలది ఇంకో రకం అవస్థ. అక్కడ 'మధ్య' అంటే సగటు, 'మధ్యక్' అంటే మధ్యగతం. చివర ఒక్క పొల్లు చేరితే లెక్కే మారిపోతుంది. 'సరాసరి' ఒక్కటే వాళ్ళకీ మనకీ ఒకటి. ఒడియా వాడుకలో దాన్ని 'హారాహారి' అంటారు.

గిడుగు రామమూర్తి పంతులు 1880లో ఉద్యోగంలో చేరింది ఈ పర్లాకిమిడి బడిలోనే. కొండల మీది సవర పిల్లలకి వాళ్ళ మాటలో చెబితేనే చదువు ఎక్కుతుందని తాను సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు తయారుచేశారు. 1936 ఏప్రిల్ 1న ఒడిషా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఈ ఊరు అందులో కలిసింది. ఇప్పుడు అదే ఊళ్ళో తెలుగు పిల్లలు ఒక మాట దగ్గర పడిపోతున్నారు. మహేంద్రతనయ ఏటికి అవతల, ఆంధ్రలో ఉన్న పాతపట్నంలో వీళ్ళ చుట్టాల పిల్లలు అదే లెక్కని తెలుగులో చేసి మార్కులు తెచ్చుకుంటున్నారు. అందుకని మేనకోడలి చేత నోటుపుస్తకం వెనక అట్ట మీద మూడు భాషల మాటలూ పక్కపక్కన రాయించాను. అట్ట మీద ఇంకా సగం ఖాళీ మిగిలింది.

మాటల చిక్కు పది నిమిషాల్లో విడిపోయింది. దాని వెనకాల ఉన్న చిక్కు అంత తొందరగా విడిపోయేది కాదు. "సరే, సగటు వచ్చింది. అది నీకేం చెప్పింది?" అని అడిగితే పిల్ల తెల్లమొహం వేసింది. ఆమె తప్పు కాదు. మన బళ్ళలో సగటు ఆరేడు తరగతుల్లోనే మొదలవుతుంది, కూడు, భాగించు, గీత కొట్టు అన్న వరసలో. అంకెలు ఆ సగటు చుట్టూ ఎంత దగ్గరగా ఉన్నాయి, ఎంత దూరంగా చెదిరాయి అన్న ప్రశ్న మాత్రం 11వ తరగతి దాకా సరిగ్గా రాదు. మధ్యలో 'వ్యాప్తి' అని ఒక మాట వస్తుంది, పెద్దదానిలోంచి చిన్నది తీసేయమంటారు, అంతే. ఒకే ప్రశ్నకి ఉన్న రెండు సగాలను నాలుగేళ్ళ ఎడంతో నేర్పుతున్నాం. పదోతరగతితో చదువు ఆపేసిన పిల్లలకి రెండో సగం ఎప్పటికీ అందదు. నా దృష్టిలో పాఠ్యప్రణాళికలో ఉన్న పెద్ద లోటు ఇదే.

ఎందుకు పెద్ద లోటో చెప్పడానికి బస్సు లెక్క చాలు.

మా వైపు నుంచి హౌరా–చెన్నై లైను మీది దూరప్రయాణం రైళ్ళు ఎక్కాలంటే చాలామంది పలాస వెళ్తారు. అక్కడికి రెండు బస్సులున్నాయనుకుందాం. ఐదేసి రోజుల ప్రయాణ సమయాలు నిమిషాల్లో రాద్దాం. లెక్క తేలిగ్గా ఉండాలని గుండ్రటి అంకెలు వేస్తున్నాను. మొదటి బస్సు: 74, 75, 75, 75, 76. రెండో బస్సు: 60, 65, 70, 80, 100. రెండిటి మొత్తం 375. రెండిటి సగటు 75 నిమిషాలు. పరీక్షలో "ఏ బస్సు మేలు" అని అడిగితే పిల్లలు సగటు చూసి "రెండూ సమానమే" అని రాస్తారు. రైలు ఎక్కాల్సినవాళ్ళు అలా అనగలరా? మొదటి బస్సుకి 80 నిమిషాలు ముందు బయల్దేరితే చాలు. రెండో బస్సుకి గంటన్నర ముందు బయల్దేరినా ఐదు రోజుల్లో ఒక రోజు రైలు తప్పిపోతుంది. సగటు ఒక్కటే, భరోసా మాత్రం ఒక్కటి కాదు. ఆ భరోసా ఎంతో తెలియాలంటే అంకెలు ఎంత చెదిరాయో చూడాలి. ఆ చెదురునే విస్తరణ అంటారు.

ఇంకాస్త లోతుకి వెళ్ళాలంటే సగటుని రెండు రకాలుగా చూడాలి. ఒకటి పంపకం. ఐదు రోజులకి కలిపి 375 నిమిషాలు పట్టాయి కదా, మొత్తం అంతే ఉంచి అన్ని రోజులూ సమానంగా పంచితే రోజుకెంత? 75. ఎక్కువున్న రోజు నుంచి తీసి తక్కువున్న రోజుకి వేయడమే ఇందులో జరిగేది. చిన్న తరగతుల్లో చింతపిక్కలతో ఇది చేయించవచ్చు. ఐదు కుప్పలు పోసి, అన్నీ సమానమయ్యేదాకా పిక్కలు అటూ ఇటూ సర్దమంటే కూడిక, భాగహారం లేకుండానే సగటు దొరుకుతుంది. ఆ తరవాత సూత్రం చెబితే అది వాళ్ళు చేతులతో చేసిన పనే అని తెలుస్తుంది.

రెండోది కావిడి. కొండల మీంచి సంతకి కావిడి మోసుకొచ్చేవాళ్ళని మా వైపు పిల్లలందరూ చూసే ఉంటారు. రెండు పక్కలా బరువు సమానమైతే భుజం నడిమధ్యన ఉంటుంది. ఒక పక్క బరువెక్కితే భుజం అటు జరుగుతుంది. సగటు ఆ భుజం ఉండే చోటు. రెండో బస్సు అంకెల్ని బద్ద మీద వాటి వాటి చోట్ల వేలాడదీశామనుకోండి. 75 దగ్గర భుజం పెడితే ఎడమవైపు 60, 65, 70 ఉంటాయి. వాటి ఎడాలు 15, 10, 5, మొత్తం 30. కుడివైపు 80, 100. వాటి ఎడాలు 5, 25, మొత్తం 30. ఎడమన ముగ్గురు, కుడిన ఇద్దరే అయినా బద్ద ఒరగదు, ఎందుకంటే ఆ 100 అన్నది దూరంగా వేలాడుతోంది. దూరాన ఉన్న ఒక్క అంకె దగ్గరున్న రెండు మూడు అంకెలతో సరితూగుతుంది. సగటుకున్న బలమూ, బలహీనతా రెండూ ఇక్కడే ఉన్నాయి.

బలహీనత చూడాలంటే ఆ 100ని 200 చేయండి. ఒక రోజు దారిలో చెట్టు పడి బస్సు ఆగిపోయిందనుకోండి. మొత్తం 475, సగటు 95. మిగతా నాలుగు రోజుల్లో ఒక్క రోజైనా 80 దాటలేదు, కానీ సగటు 95 అంటోంది. మధ్యగతమైతే మునుపూ 70, ఇప్పుడూ 70. వరసలో మూడోవాడు ఎవరన్నదే దానికి కావాలి. చివరివాడు ఎంత దూరంలో ఉన్నా పట్టించుకోదు.

ఇదే సంగతి ఊరి భూముల్లో ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పది కుటుంబాల ఊరు. తొమ్మిది కుటుంబాలకి ఎకరం చొప్పున, ఒక్క కుటుంబానికి 41 ఎకరాలు. మొత్తం 50, సగటు 5 ఎకరాలు. ఆ ఊళ్ళో ఐదెకరాల రైతు ఒక్కడు కూడా లేడు. సగటు 5 ఎకరాలని చూసి ఎవరైనా ఈ ఊరికి సాయం అక్కర్లేదంటే తొమ్మిది ఇళ్ళకి అన్యాయం జరుగుతుంది. మధ్యగతం ఒక ఎకరం, బాహుళకమూ ఒక ఎకరమే. సగటుకీ మధ్యగతానికీ మధ్య ఇంత ఎడం కనిపించిందంటే, ఎక్కడో ఒక పక్కకి బరువు లాగుతోందని అర్థం. ఆదాయాలు, భూములు, ఇళ్ళ ధరల సగటు ఎవరు చెప్పినా, మధ్యగతం ఎంతని ఎదురడగడం పిల్లలకి తొమ్మిదో తరగతిలోనే అలవాటు చేయాలి.

బాహుళకం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గాజుల కొట్టుకి వెళ్తే చాలు. గాజుల సైజులు 2-2, 2-4, 2-6, 2-8 అని ఉంటాయి. 2-4 అంటే రెండంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, లోపలి అడ్డుకొలత రెండుంపావు అంగుళాలు. కొట్టాయన ఏడాదంతా అమ్మిన సైజుల సగటు తీస్తే 2-5 రావచ్చు. కొట్టుల్లో దొరికే ఆ సైజుల్లో అది లేదు. ఆయనకి కావలసింది ఏ సైజు ఎక్కువ పోతోందన్నదే. అన్ని ప్రశ్నలకీ సగటే జవాబని నేర్పితే గాజులు మిగిలిపోతాయి.

ఇక చెదిరిన తీరుని కొలిచే పని. ఇక్కడే పిల్లలు బెదిరిపోతారు, టీచర్లు కూడా సూత్రం బోర్డు మీద వేసి పక్కకి తప్పుకుంటారు. నిజానికి ఇందులో ఉన్నది ఒక్క ఆలోచన: ఒక్కో అంకె సగటు నుంచి ఎంత ఎడంగా ఉంది, ఆ ఎడాల సగటు ఎంత?

రెండో బస్సు ఎడాలు మళ్ళీ చూద్దాం: −15, −10, −5, +5, +25. వీటి సగటు తీయబోతే మొత్తం సున్నా అవుతుంది. కావిడిలో చూశాం కదా, రెండు పక్కలూ సరితూగే చోటే సగటు, కాబట్టి ఏ అంకెలు తీసుకున్నా ఇది సున్నా అయి తీరుతుంది. మా మేనకోడలు ఇక్కడ ఆగి, "అయితే చెదరనే లేదంటావా?" అంది. మంచి ప్రశ్న. గుర్తులు ఒకదాన్నొకటి తినేస్తున్నాయి. ఆ మైనస్ గుర్తుల్ని వదిలించుకోవాలి. దానికి రెండు దారులున్నాయి.

మొదటి దారి, గుర్తు చెరిపేసి ఎడం మాత్రమే చూడడం. 15, 10, 5, 5, 25. మొత్తం 60, ఐదుతో భాగిస్తే 12. ఇది మధ్యమ విచలనం. సగటున ఈ బస్సు తన సగటు సమయానికి 12 నిమిషాలు అటో ఇటో ఉంటుందని అర్థం. మొదటి బస్సుకి ఇదే లెక్క చేస్తే 0.4 నిమిషం. ఎనిమిదో తరగతి పిల్లకైనా ఇది అర్థమవుతుంది. ఏడేళ్ళ పిల్లాడికి పంపకం నేర్పగలిగితే పదమూడేళ్ళ పిల్లకి ఇది నేర్పలేమా?

రెండో దారి, ఎడాల్ని వర్గం చేయడం. 225, 100, 25, 25, 625. మొత్తం 1000, సగటు 200. దీని పేరు విస్తృతి. ఇది 'చదరపు నిమిషాల్లో' ఉంది, అలాంటి నిమిషం ఎవరూ చూడలేదు. అందుకే వర్గమూలం తీస్తే 14.14 నిమిషాలు. ఇదే ప్రామాణిక విచలనం. 1890ల్లో ఇంగ్లండులో కార్ల్ పియర్సన్ పెట్టిన పేరు నుంచి వచ్చిన మాట ఇది. వర్గం చేయడం వల్ల 25 నిమిషాల ఆలస్యం ఒక్కటే మొత్తం 1000లో 625 తీసుకుంది చూడండి. పెద్ద ఎడాలకి ఈ కొలత ఎక్కువ భయపడుతుంది. అందుకే 12 కాస్తా 14.14 అయింది.

"తేలికైనది ఉండగా వర్గాలూ మూలాలూ ఎందుకు?" అని ప్రతి పిల్లా అడుగుతుంది. జవాబు చాలామంది చెప్పరు గాని చాలా అందంగా ఉంటుంది, ఓపిగ్గా చూడండి. ఎడాల్ని సగటు 75 నుంచి కాకుండా మధ్యగతం 70 నుంచి కొలుద్దాం: 10, 5, 0, 10, 30. మొత్తం 55. మొదట వచ్చిన 60 కంటే తక్కువ. అంటే గుర్తు చెరిపేసిన ఎడాల మొత్తం సగటు దగ్గర కాదు, మధ్యగతం దగ్గర అన్నిటికంటే తక్కువవుతుంది. ఇప్పుడు వర్గాలు చూద్దాం. 70 నుంచి అయితే 100, 25, 0, 100, 900, మొత్తం 1125. 75 నుంచి అయితే 1000. వర్గాల మొత్తం సగటు దగ్గరే అన్నిటికంటే తక్కువ. కాబట్టి ఎడాలకి జోడీ మధ్యగతం, వర్గాలకి జోడీ సగటు. సగటు, ప్రామాణిక విచలనం పాఠాల్లో జంటగా రావడానికి ఇది పెద్ద కారణం. ఒకటి ఏడో తరగతిలో, రెండోది 11లో పెట్టి ఆ జంటని విడదీశాం.

మధ్యగతం వాడినప్పుడు ఇంకో తేలికైన ఉపాయం ఉంది. వరసగా పేర్చిన అంకెల్ని నాలుగు సమభాగాలు చేసి, మధ్యనున్న సగం మంది ఎంత మేర పరుచుకున్నారో చూడడం. ఈ కొస, ఆ కొస ఉన్న విపరీతపు అంకెలు ఇందులోకి రావు. భూముల ఊరికి ఇదే సరిపోతుంది. వ్యాప్తి పూర్తిగా దీనికి ఎదురు. అది ఆ రెండు కొసల్నే చూస్తుంది, మధ్యలో ఏం జరిగినా దానికి తెలియదు. రెండో బస్సు వ్యాప్తి 40 నిమిషాలు. మధ్యలో మూడు అంకెలూ 80 అయినా 40 నిమిషాలే.

14.14 వచ్చాక దాన్ని ఎలా చదవాలి? పందొమ్మిదో శతాబ్దపు రష్యన్ గణితవేత్త చెబిషెవ్ పేరున ఒక నియమం ఉంది: అంకెలు ఎలాంటివైనా సరే, సగటుకి అటూ ఇటూ రెండేసి ప్రామాణిక విచలనాల లోపల కనీసం నాలుగింట మూడొంతుల అంకెలు ఉంటాయి. 95 శాతం ఉంటాయని చెప్పే ఇంకో నియమం పిల్లలు వినే ఉంటారు. అది గంట ఆకారంలో, రెండు పక్కలా ఒకేలా దిగే అంకెలకే వర్తిస్తుంది. ఊరి భూములకి అది వాడితే తప్పు.

ఈ లెక్కలన్నీ నల్లబల్ల మీది లెక్కలని అనుకోకండి. పలాస జీడిపప్పు వ్యాపారం అంతా వీటి మీదే నడుస్తోంది. పప్పు గ్రేడుల పేర్లు విన్నారుగా, డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320. ఆ అంకె ఒక పౌండుకి ఎన్ని గుండు పప్పులు తూగుతాయో చెబుతుంది. 320 రకమంటే పౌండుకి 300 నుంచి 320 దాకా. పౌండు 453.6 గ్రాములు, కాబట్టి 320 పప్పులైతే ఒక్కో పప్పు సగటున 1.42 గ్రాములు. 180 రకంలో అదే రెండున్నర గ్రాములు. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది. గ్రేడు పేరు చెప్పేది సగటునే.

ఇప్పుడు ఎవరైనా సగం పప్పులు 1.9 గ్రాములవి, సగం 0.95 గ్రాములవి కలిపేశారనుకోండి. సగటు 1.425 గ్రాములు, పౌండుకి 318 తూగుతాయి. అంకె ప్రకారం అది 320 రకమే. కొనేవాడు సంచిలో చెయ్యి పెట్టగానే ఒప్పుకోడు. అవి కలిపి నేతిలో వేయిస్తే చిన్నవి మాడిపోతాయి, పెద్దవి తెల్లగానే ఉంటాయి. అందుకే బల్లల ముందు కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కో పప్పునీ కంటితో చూసి వేరుచేస్తారు. వాళ్ళు చేస్తున్న పని విస్తరణని తగ్గించడమే. ఆ చేతి నైపుణ్యాన్ని కొలిచే అంకెకి ప్రామాణిక విచలనం అనే పేరుందని వాళ్ళ పిల్లలకి బడిలో చెబితే, ఆ పిల్లలు తల్లి పనిని ఇంకో కంటితో చూస్తారు. గజపతి, శ్రీకాకుళం జిల్లాల బళ్ళలో ఈ పాఠానికి ఇంతకంటే దగ్గర ఉదాహరణ ఉండదు.

వాన లెక్క ఇంకా ముఖ్యం. దేశం మొత్తానికి జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానల దీర్ఘకాల సగటు 87 సెంటీమీటర్లు. ఇది 1971 నుంచి 2020 దాకా యాభై ఏళ్ళ లెక్క. జిల్లాల దగ్గరికి వచ్చేసరికి వాతావరణ శాఖ సగటుకి 19 శాతం ఎక్కువ నుంచి 19 శాతం తక్కువ దాకా పడిన వానని 'సాధారణం' అంటుంది. ఒక నెల సగటు 200 మిల్లీమీటర్లనుకుంటే 162 పడినా సాధారణమే, 238 పడినా సాధారణమే. అంటే ఆ మాటలో విస్తరణకి చోటు ముందే ఇచ్చారు. వార్తల్లో 'సాధారణం' అని వినగానే సరిగ్గా సగటంత పడిందని అనుకోవడం మన పొరపాటు. దానిలో దొరకనిది ఇంకొకటి ఉంది. ఆ 200 మిల్లీమీటర్లు పది రోజుల్లో ఇరవయ్యేసి చొప్పున పడ్డాయా, రెండు రోజుల్లో వందేసి చొప్పున పడ్డాయా? మొదటిదైతే వరి నిలుస్తుంది. రెండోదైతే మడి కొట్టుకుపోయి, ఆనక ఎండిపోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, గజపతి కొండల్లో కుండపోత కురిపించింది. ఆ నెల మొత్తాన్ని ముప్పై ఒక్క రోజులకి పంచి సగటు చెబితే, కొండచరియలు విరిగిపడిన ఆ రోజు ఎక్కడా కనిపించదు.

ఒడిషాలోనే జరిగిన మరో కథ ఈ విషయానికి నేరుగా తగులుతుంది. 1926లో బ్రాహ్మణి నదికి పెద్ద వరద వచ్చింది. నది అడుగు మట్టం పైకి లేచిపోయింది, కరకట్టల ఎత్తు పెంచాలన్నారు ఇంజనీర్లు. గణాంకవేత్త ప్రశాంతచంద్ర మహలనోబిస్ చేతికి ఆ లెక్కలు వచ్చాయి. ఆయన దశాబ్దాల రికార్డులు తిరగేసి, నది అడుగులో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదని, ఎగువన విపరీతంగా కురిసిన వానే వరదకి కారణమని తేల్చారు. మన భాషలో చెప్పాలంటే, ఇంజనీర్లు సగటే జరిగిపోయిందనుకున్నారు. నిజానికి సగటు ఉన్నచోటే ఉంది, ఒక ఏడాది దానికి చాలా దూరం పోయింది. ఈ రెండిటినీ వేరుచేయకపోతే లక్షలు పోసి తప్పు చోట మట్టి వేస్తాం. ఆ మహలనోబిసే 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. ఆయన పుట్టిన జూన్ 29ని ఇప్పుడు దేశమంతా గణాంక దినంగా జరుపుకుంటోంది.

ఆ సంస్థలోకే 1940లలో మన తెలుగు కుర్రాడు ఒకడు వెళ్ళాడు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు. 1945లో ఆయన నిరూపించిన ఫలితం విస్తరణ గురించే. కొద్ది నమూనాలు చూసి అసలు విలువ ఎంతో అంచనా వేయడానికి ఎన్ని పద్ధతులైనా ఉండొచ్చు. పక్షపాతం లేని పద్ధతి, అంటే సగటున అసలు విలువ దగ్గరే నిలిచే పద్ధతి, ఎంత గొప్పదైనా, దాని అంచనాల చెదురు ఒక హద్దు కంటే కిందకి దిగదు. ఆ హద్దు ఎక్కడుందో ఆయన చూపించారు. క్రామర్–రావు అసమానత అని ప్రపంచమంతా దాన్నే చదువుకుంటోంది. 2023లో ఆయనకి అంతర్జాతీయ గణాంక బహుమతి వచ్చింది. ఆ ఆగస్టులోనే, 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ప్రపంచంలో చెదురు గురించి అంత లోతుగా ఆలోచించిన మనిషి మన భాషవాడై ఉండి, మన పిల్లలు ఆ పాఠం దాకా రాకుండానే బడి వదిలేస్తున్నారంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

పరీక్షల్లో పిల్లలు తడబడే చోట్లు మూడు నాలుగు ఉన్నాయి. మధ్యగతానికి ముందు అంకెల్ని పేర్చడం మర్చిపోతారు. అంకెలు సరిసంఖ్యలో ఉంటే నడిమి రెండిటి సగటు తీయాలని మర్చిపోతారు. సున్నా వచ్చిన వాణ్ణి లెక్కలోంచి తీసేస్తారు, సున్నా కూడా ఒక మార్కే. అన్నిటికంటే మోసం చేసేది సగటుల సగటు. ఒక సెక్షన్లో 20 మందికి సగటు 60, ఇంకో సెక్షన్లో 30 మందికి సగటు 70. అందరికీ కలిపి 65 అని రాసేస్తారు. 20 మంది మొత్తం 1200, 30 మంది మొత్తం 2100, కలిపితే 3300. యాభైతో భాగిస్తే 66. ఎక్కువ మంది ఉన్న వైపుకి కావిడి భుజం జరిగింది, అంతే. ఘాటు ఎక్కేటప్పుడు గంటకి 30 కిలోమీటర్లు, దిగేటప్పుడు 60 అయితే సగటు వేగం 45 కాదు, 40. తక్కువ వేగంతో ఎక్కువసేపు నడిచింది కాబట్టి.

అందరికీ ఐదేసి గ్రేస్ మార్కులు కలిపితే ఏమవుతుందన్నది మా మేనకోడలికి బాగా నచ్చిన ప్రశ్న. సగటు 5 పెరుగుతుంది, ప్రామాణిక విచలనం కదలదు. బద్ద మీద అందరూ ఒకే అడుగు జరిగారు, వాళ్ళ మధ్య ఎడాలు అలాగే ఉన్నాయి. అందరి మార్కుల్నీ రెండింతలు చేస్తే మాత్రం ఎడాలు కూడా రెండింతలవుతాయి, విస్తృతి నాలుగింతలవుతుంది. "వెనకబడినవాళ్ళు దగ్గరికి రావాలంటే అందరికీ ఐదేసి కలిపితే లాభం లేదన్నమాట" అంది. నేను చెప్పలేదు, ఆ పిల్లే అంది.

ఇక చివరి చిక్కు ఫోనుది. ప్లస్ టూ చదువుతున్న వాళ్ళన్నయ్య బస్సు అంకెల్ని ఫోనులో వేసి చూశాడు. 15.81 వచ్చింది. మేం చేతితో చేస్తే 14.14. అరగంట గొడవపడ్డారు. ఇద్దరిదీ తప్పు కాదు. ఆ ఐదు రోజుల గురించే మాట్లాడుతుంటే 1000ని 5తో భాగించాలి. ఆ ఐదు రోజుల్ని నమూనాగా తీసుకుని ఏడాది పొడుగునా బస్సు ఎంత చెదురుతుందో అంచనా వేయాలంటే 4తో భాగిస్తారు, 250 వస్తుంది, మూలం 15.81. ఎందుకంటే ఎడాల్ని కొలిచింది ఆ ఐదు అంకెల సొంత సగటు నుంచి. అది వాటికి దగ్గరగానే ఉంటుంది కాబట్టి చెదురు అసలు కంటే కాస్త తక్కువగా కనిపిస్తుంది. పైగా ఎడాల మొత్తం సున్నా కావాలి గనక నాలుగు ఎడాలు తెలిస్తే ఐదోది దానంతటదే తెలిసిపోతుంది. స్వేచ్ఛగా ఉన్నవి నాలుగే. ఫోనులోనూ కంప్యూటరులోనూ ఈ రెండు లెక్కలకీ వేరువేరు మీటలుంటాయి, ఏది నొక్కామో చూసుకోవాలి.

"అయితే పరీక్షలో ఏది రాయాలి మావయ్యా?" అని అడిగాడు వాడు. ఎన్‌సిఇఆర్‌టి 11వ తరగతి పుస్తకంలో ఎన్ని అంకెలుంటే అన్నిటితోనే భాగిస్తారు, కాబట్టి 14.14 రాయమన్నాను. మేనకోడలు నోటుపుస్తకం వెనక అట్ట మీద, మూడు భాషల మాటల కింద, రెండు జవాబులూ రాసుకుంది. 14.14 పక్కన 'ఈ ఐదు రోజులు' అని, 15.81 పక్కన 'అన్ని రోజులకీ అంచనా' అని.